కవిత రాసే చేత్తో కథ రాయొచ్చా? కోనసీమలో కొత్తగా రాస్తున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊళ్లో కొంతమందిమి నెలకోసారి ఎవరో ఒకరింటి అరుగు మీద చేరి, రాసుకున్నవి పైకి చదువుకుంటాం. కవితలు తెచ్చేవాళ్లు ఎక్కువ, కథలు తెచ్చేవాళ్లు తక్కువ, రెండూ తెచ్చేవాళ్లు ఒకరో ఇద్దరో. కొత్తగా వచ్చినవాళ్లు అటూ ఇటూగా ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు, నేను ఇరవై ఏళ్లుగా రెండూ రాస్తున్నాను కాబట్టి జవాబు నా మీదికే వస్తుంది. అరుగు మీద చెప్పేవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

కవిత్వం వేరు, కథ వేరు కదా. రెండూ రాస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతామని మా సార్ అన్నారు. నిజమేనా?

మీ సార్ మీద గౌరవంతోనే చెబుతున్నాను, కాదు. తెలుగులో ఈ రెండూ మొదటినుంచీ ఒకే ఇంట్లో పెరిగాయి. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టినప్పుడే అది పద్యమూ వచనమూ కలిసిన చంపువు. తన కవిత్వంలో ఏముందో చెప్పుకుంటూ ఆయన ఒకే పద్యంలో కథాకలితార్థయుక్తినీ అక్షరరమ్యతనీ పక్కపక్కన పెట్టాడు. కథ నడిపే నేర్పు, అక్షరం మోగే తీరు. ఒకటి కథకుడిది, ఇంకొకటి కవిది అని పంచలేదు.

అంత వెనక్కి వద్దంటే 1910కి రండి. గురజాడ అప్పారావు గారి ముత్యాల సరాలూ, దిద్దుబాటు కథా రెండూ ఆ ఏడాదే ఆంధ్రభారతి పత్రికలో వచ్చాయి. కొత్త ఛందస్సూ కొత్త కథా ఒకే మనిషి చేతిలోంచి, ఒకే ఏడాదిలో. మనుషులు మాట్లాడుకునే భాషని ఎలా నిలబెట్టాలా అని ఆయన పద్యంలోనూ వెతికాడు, కథలోనూ వెతికాడు. ఆ వెతుకులాట ఒక్కటే అని నా నమ్మకం.

మన పక్కనే చూడండి. తణుకు దగ్గర మండపాకలో పుట్టిన దేవరకొండ బాలగంగాధర తిలక్ నలభై అయిదేళ్లు నిండకుండానే పోయాడు (1921-1966). అమృతం కురిసిన రాత్రి కవిగానే అందరికీ తెలుసు, దానికే 1970 సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. కానీ ఆయన కథలు చదవనివాళ్లకి తిలక్ సగమే తెలుసంటాను. ఇవాళ యానాంలో దాట్ల దేవదానం రాజు గారు కవితా సంపుటాలూ వేశారు, యానాం కథలూ రాశారు. ఎవరూ చెడలేదు.

కవిత్వం చదివితే కథకి ఏమొస్తుంది? భాష అందంగా తయారవుతుందా?

అందం సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు వచ్చేది చెవి. ఏ వాక్యం ఎక్కడ ఆగాలి, ఏ మాట చివర్లో పడితే బరువు దానిమీద పడుతుంది, ఏది చెప్పకుండా వదిలేస్తే చదివేవాడు తనంతట తాను అందుకుంటాడు, ఇవన్నీ కవిత్వంలోనే నాకు పట్టుబడ్డాయి. కథల్లో వాటికి పేరు లేదు, అందుకని ఎవరూ నేర్పరు.

ఒకటి చూపిస్తాను. నా తొలి కథల్లో ఒకటి ఇలా మొదలయ్యేది:

"పండువెన్నెల గోదారి మీద వెండి జరీ చీర ఆరేసినట్టు పరుచుకుని ఉండగా అతను ఒంటరిగా రేవులో నిలబడి ఉన్నాడు."

కవిత్వం రాసేవాణ్ణి కాబట్టి కథలో అది కనబడాలనుకున్నాను. ఏళ్ల తర్వాత అదే కథని మళ్లీ రాసినప్పుడు ఇలా వచ్చింది (పంటు అంటే మా దగ్గర రేవు దాటించే పడవ):

"ఆఖరి పంటు వెళ్లిపోయింది. మళ్లీ పొద్దున్న ఆరింటికే."

వెన్నెల లేదు, చీర లేదు, ఒంటరి అన్న మాటే లేదు. అయినా రాత్రి అని తెలుస్తోంది, అవతలి గట్టుకి దారి లేదని తెలుస్తోంది, ఆ మనిషి ఇక తెల్లారేదాకా అక్కడే ఉండాలని కూడా తెలుస్తోంది. 'వెళ్లిపోయింది' అన్న సాగే మాట తర్వాత 'ఆరింటికే' అని టక్కున ఆగిపోవడం వల్ల ఆ చివరి 'కే' మీద ఒక రాత్రంతా కూర్చుంటుంది. మొదటి వాక్యం కవిత్వంలా కనబడాలని రాసింది. పోలిక ఒక్కటీ లేని రెండోదే కవిత్వం దగ్గర నేర్చుకుని రాసింది. కాకినాడ ఇస్మాయిల్ గారి పొట్టి కవితలు చాలా కాలం రోజుకొకటి చొప్పున నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను, అది కాస్త పనిచేసిందనుకుంటాను. చేత్తో రాసి చూస్తే ఎన్ని మాటలు లేవో తెలుస్తుంది.

ఏది కవిత అవుతుందో, ఏది కథ అవుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

ముందే తెలియదు. రాసి చూడాల్సిందే. ఇది అందరూ అడిగే ప్రశ్న, నాకు చాలా ఇష్టమైన ప్రశ్న కూడా, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుఫాను మా వయసువాళ్లకి ఇప్పటికీ ఒక గుర్తు. 'తుఫానుకి ముందు, తుఫాను తర్వాత' అని ఏళ్లు లెక్కపెట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మర్నాడు పొద్దున్న మా నాన్న కొబ్బరితోటలోకి వెళ్లడం నేను చూశాను. చాలా ఏళ్లకి అది ఒక కవితగా వచ్చింది:

పొద్దున్నే నాన్న తోటలోకి వెళ్లాడు
పడిపోయిన చెట్లు లెక్కపెట్టడానికి.
నలభై రెండు దాకా లెక్కపెట్టి
మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాడు.

అంతే, నాలుగు లైన్లు. దీనికి ముందూ వెనకా ఏమీ అక్కర్లేదు. లెక్క ఎందుకు తప్పాడో చెబితే చెడిపోతుంది. మనిషి ఒక పనిలో ఇరుక్కుపోయి అక్కడే ఆగిపోయిన క్షణం అది, అలాంటివి కవితలోనే బాగా నిలుస్తాయి.

తర్వాత అదే పొద్దుటిని కథ చేద్దామని కూర్చున్నాను. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ నాన్న తోటలో తిరుగుతూనే ఉన్నాడు తప్ప కథ ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు. ఒక పత్రికకి పంపితే 'బాగుంది కానీ ఇందులో కథ లేదు' అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. కోపం వచ్చింది. కవిత్వం అర్థం కాని మనుషులు అనుకున్నాను. కానీ ఆ మాట సరైనదే, ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఏం తప్పిపోయిందో ఒకరోజు గుర్తొచ్చింది. ఆ పొద్దున్న మా గేటు దగ్గరకి ఇంకొకాయన వచ్చాడు, మా తోటలో దింపు తీసే ఆయన, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు కోసి దింపే మనిషి. నడుముకి కత్తి ఉంది. ఏం మాట్లాడాలో తెలియక, ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"దింపు ఎప్పుడు పెట్టుకుందామండి?"

నాన్న తోట వైపు చూస్తూ అన్నాడు. "ఇంక ఎక్కక్కర్లేదయ్యా, వంగి కోసుకోవడమే."

ఆ రెండు మాటలతో కథ మొదలైంది. ఎందుకంటే చెట్లు పోయింది నాన్నకి ఒక్కడికే కాదు. దింపు తీసే ఆయన ఎక్కే చెట్లు కూడా అవే. నాన్నకి భూమి మిగిలింది, మళ్లీ మొక్కలు నాటుకుంటే ఏళ్ల తర్వాతైనా కాపు వస్తుంది. చెట్టెక్కడం తప్ప వేరే పని తెలియని మనిషికి ఆ ఏళ్లు ఎలా గడుస్తాయి? ఇద్దరి నష్టం ఒకటి కాదు, కానీ ఇద్దరూ ఒకే తోటని చూస్తూ నిలబడ్డారు. నా కవితలో ఆయనకి చోటు లేదు, లేకపోయినా కవితకి లోటు లేదు. కథకి మాత్రం ఆయన రాకపోతే ప్రాణం లేదు.

కాబట్టి నేను వాడే కొలత ఇది. మీ మనసులో ఉన్నదాంట్లో రెండో మనిషి వచ్చి ఏదైనా అడిగితే విషయం మారిపోతుందా? మారితే కథకి ప్రయత్నించండి. ఎవరొచ్చి ఏమడిగినా ఆ క్షణం అలాగే ఉంటుందంటే కవితగా ఉంచండి. ఇది అన్నిటికీ సరిపోదు, నాకు చాలావాటికి సరిపోయింది. ఇంకో మాట, కథ వచ్చింది కదా అని కవితని చించెయ్యకండి. నేను ఆ నాలుగు లైన్లనీ కథ చివర్లో పెట్టి చూశాను, బాగా అతికినట్టే అనిపించింది కానీ కథ అప్పటికే అయిపోయింది, అందుకే తీసేశాను. రెండూ విడివిడిగానే ఉన్నాయి.

నా కథ చదివి 'చాలా కవితాత్మకంగా ఉంది' అన్నారు. మెచ్చుకున్నట్టేనా?

ఎక్కడ ఉందో అడగండి. వాళ్లు వేలు పెట్టి చూపించే చోటు వర్ణనే అయితే, అంటే పొద్దుటి మంచూ వరిచేలూ కొంగలూ ఉన్న పేరా అయితే, ఆ పేరా లేకుండా కథ చదివి చూడండి. ఏమీ పోకపోతే అది అతికించినది.

పాలగుమ్మి పద్మరాజు గారి గాలివాన గుర్తు చేసుకోండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ, రాసింది అత్తిలి దగ్గర తిరుపతిపురంలో పుట్టిన మనిషి. అందులో గాలివాన పోలికగా రాలేదు, నిజంగానే వచ్చింది. వచ్చి, నియమాల మధ్య భద్రంగా ఉన్నాననుకున్న ఒక పెద్దమనిషిని ఎక్కడికో తీసుకెళ్లింది. తిలక్ కథ 'ఊరి చివర ఇల్లు'లో వాన కూడా అంతే, వాన లేకపోతే ఆ కథ లేదు. పోలిక ఎక్కడికక్కడ మెరుస్తుంది, ఆగిపోతుంది. కథలో కవిత్వం ఉండాల్సింది జరిగే పనిలో, జరిగే చోటులో.

కథలో పోలికలు ఎన్ని ఉండొచ్చు?

లెక్క లేదు. కానీ 'లాగా', 'వలె', 'అన్నట్టు' అన్న మాటలకి సున్నా చుట్టి చూడండి. పేజీకి మూడు దాటితే నేను రెండు కొట్టేస్తాను.

కథలు రాయడం వల్ల కవిత్వానికి ఏం ఒరుగుతుంది? ఇది ఎవరూ చెప్పరు.

నిజమే, ఎవరూ చెప్పరు, చెప్పాల్సింది ఇదే ఎక్కువ. మొదటిది, 'నేను' తగ్గుతుంది. కవితలు మాత్రమే రాస్తున్నన్నాళ్లు నా కవితల్లో నేనే ఏడిచాను, నేనే నడిచాను, గోదారి కూడా నాకోసమే పారింది. కథలు మొదలెట్టాక పక్కింటావిడ ఏమంటుందో, పంటు మీద టికెట్ కోసే కుర్రాడికి ఏం కావాలో వినాల్సి వచ్చింది. విన్నాక కవితల్లోకి వాళ్లూ వచ్చారు.

రెండోది, వేళా చోటూ. కథలో 'నది' అని రాస్తే పాత్ర ఎక్కడ నిలబడాలో తెలియదు. గోదారి ఏ పాయ, గౌతమీనా, వసిష్ఠా, వైనతేయా? గట్టు మీదా, నది మధ్య లంకలోనా? జులైలో ఎర్రనీరు దిగిందా, లేక వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున బురద ఎండి బీటలు తీసిన రోజులా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ డెల్టాలో నీళ్లకి ఒక క్యాలెండరు ఉంది. ఎప్పుడు వదులుతారు, ఎప్పుడు కట్టేస్తారు అన్నదాని మీదే నాట్లూ, కొన్ని ఇళ్లలో పెళ్లిళ్లూ నడుస్తాయి. కథకుడికి ఇది తెలియకపోతే పాత్ర తప్పు నెలలో కాలువలో ఈదుతుంది. నేను ఒకసారి ఏప్రిల్ చివర్లో పడవ నడిపించాను, మా బాబాయి చదివి 'ఏ నీళ్లలోరా?' అన్నాడు. ఆ తర్వాత రాసిన కవితల్లో 'నీరు' అని ఊరికే రాయలేకపోయాను. 'కట్టేసిన కాలువ' అని రాస్తే చాలు, ఈ ప్రాంతం వాడికి మిగతాది చెప్పక్కర్లేదు.

ఛందస్సు నేర్చుకోవాలా? నేను కథలే రాస్తాను.

నేర్చుకుంటే మంచిదంటాను, పద్యాలు రాయడానికి కాకపోయినా సరే. ముత్యాలసరం నడక 3-4-3-4, పాదానికి 14 మాత్రలు. మాత్ర అంటే పలికే కొలత: పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికీ సున్నా ఉన్నదానికీ ఒత్తక్షరం ముందున్నదానికీ రెండు. సరదాగా ఒక పాదం కట్టి చూడండి:

రేవు దగ్గర పంటు నిలిచెను

రేవు మూడు, దగ్గర నాలుగు, పంటు మూడు, నిలిచెను నాలుగు. వేళ్ల మీద లెక్కేస్తే పది నిమిషాల్లో వస్తుంది. ఇలా ఒక వారం చేశాక మీ వచనం పైకి చదవండి. ఎక్కడ గుదిబండలా ఆగిపోతోందో, ఎక్కడ ఒకే నడక మూడు వాక్యాలుగా కొట్టుకుంటోందో చెవికి తగులుతుంది. వచనంలో నడక మారుతూ ఉండాలి, అది మారిందో లేదో తెలియాలంటే ముందు నడక అంటే ఏమిటో తెలియాలి.

శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారు (1891-1961) అనపర్తి దగ్గర పొలమూరులో పండితుల ఇంట్లో పుట్టి సంస్కృతం మధ్య పెరిగినవారు. ఆయన కథల్లో సంభాషణలు చదవండి. పేజీలకి పేజీలు మాటలే, 'అన్నాడు, అంది' కూడా పెద్దగా ఉండవు, అయినా ఎవరు మాట్లాడుతున్నారో తప్పిపోం. ప్రతి మనిషికీ ఒక నడక ఉంది కాబట్టే.

మన యాసని కథలో పెడుతున్నాను. కవితలో పెడితే నవ్వుతారేమో అని టెన్షన్.

నవ్వితే నవ్వనివ్వండి, రెండోసారి చదివేసరికి నవ్వు ఆపుతారు. అయితే యాస అంటే 'ఆయ్' అని చివర తగిలించడం మాత్రమే అనుకోకండి. సినిమాలు మనకి ఆ అలవాటు చేశాయి. మన 'అండి'ని గమనించండి. మర్యాదకీ అండి, దెబ్బలాటలోనూ అండి. "మీరు మనిషేనాండి?" అని గేటు దగ్గర నిలబడి అరుస్తున్న ఆవిడ గొంతులో ఆ 'అండి' తిట్టు కంటే పదునుగా ఉంటుంది. ఇంత కోపాన్ని ఇంత మర్యాదలో పెట్టగలిగే మాట కవితకి పనికిరాకపోవడం ఏమిటి? నేను ఒక కవిత మొత్తం అలాంటి ఒక్క 'అండి' కోసం రాశాను.

కార్డు కథకీ (పోస్టుకార్డు మీద పట్టేంత పొట్టి కథ) వచన కవితకీ తేడా ఏమిటి? లైన్లు విరగ్గొడితే కవితేనా?

కాదు. మీ కవితని లైన్లు కలిపేసి పేరాగా రాయండి. ఏమీ పోలేదంటే అది వచనమే, వచనంగానే ఉంచండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. పైన చెప్పిన నాన్న కవితలో 'నలభై రెండు దాకా లెక్కపెట్టి' దగ్గర లైను ఆగకపోతే ఆ చిన్న ఊపిరి పోతుంది, ఆ ఊపిరిలోనే ఆయన తడబడ్డాడు. కార్డు కథలో అయితే ఆ చోట ఏదో మారాలి. పొట్టిగా ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

ముగింపు ఎప్పుడూ తేలిపోతోంది. కవిత్వం సాయపడుతుందా?

సాయపడుతుంది, మోసం కూడా చేస్తుంది. కవిత రాసే అలవాటున్నవాళ్లు కథ చివర ఒక మెరుపు వాక్యం పెడతారు, చదివినవాళ్లు 'అబ్బ' అంటారు, ఆ 'అబ్బ'లో అప్పటిదాకా నడిచిన మనుషులు మాయమైపోతారు. నేను చేసేది చెబుతాను. కథ పూర్తయ్యాక చివరి వాక్యం చేత్తో మూసి చదువుతాను. పదిసార్లలో ఏడుసార్లు అది లేకుండానే బాగుంటుంది. దింపు తీసే ఆయన కథ కూడా, ఆయన నేల మీద పడి ఉన్న చెట్టు దగ్గర వంగి మొదటి గెల కోస్తుండగా ఆగిపోతుంది. అక్కడ నా మాట ఏదీ అక్కర్లేకపోయింది.

ఉద్యోగం, ఇల్లు. రెండిటికీ టైం ఎక్కడిది?

కవిత పంటు దాటే లోపు మనసులో తిరుగుతుంది, ఫోన్‌లో నాలుగు ముక్కలు కొట్టుకోండి. కథకి మాత్రం ఒకే వేళ, ఒకే చోట కూర్చోవాలి. నాకు తెల్లారగట్ల నాలుగున్నర నుంచి ఆరు.

రాసింది ఎవరికి చూపించాలి?

రాసేవాళ్లకి ఎలాగూ చూపిస్తారు. వాళ్లకంటే ముందు రాయనివాళ్లలో ఒకరికి చదివి వినిపించండి. నేను మా అమ్మకి వినిపిస్తాను, ఆవిడ బియ్యం ఏరుకుంటూ వింటుంది. కథ అయితే చెయ్యి ఎక్కడ ఆగిందో చూసుకుంటాను, ఆగిన చోట కథ ఉంది, గబగబా ఏరుతున్న చోట లేదు. కవిత అయితే విన్నాక ఆవిడ ఒక్కటే అడుగుతుంది, "ఇది ఎవరు ఎవరితో అంటున్నార్రా?" అని. దానికి జవాబు చెప్పలేకపోయిన కవితలు ఇంకా నా సొరుగులోనే ఉన్నాయి, ఒక్కొక్కటీ తీసి మళ్లీ రాస్తున్నాను.